ఒకే తీరానికి ఎన్ని గీతలు? హద్దులు ఎలా పుడతాయి, ఎందుకు తగువులవుతాయి

భారతదేశ తీరరేఖ పొడవు 7,516 కిలోమీటర్లు అని స్కూల్లో బట్టీ పట్టినవాళ్లం మనమంతా. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ లెక్క 11,098 కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ తీరం దాదాపు 974 కిలోమీటర్ల నుంచి 1,053కి పెరిగింది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఏ అంకె రాయాలన్న టెన్షన్ పట్టుకుంది. సముద్రం వెనక్కి పోయిందా, కొత్త నేల తేలిందా అని అడిగినవాళ్లూ ఉన్నారు. నేల తేలడం వల్ల ఈ పెరుగుదల రాలేదు. కొలిచే పద్ధతి మారింది, అంతే.

కొలిచే పద్ధతి మారితే ఒక దేశపు అంచు మూడున్నర వేల కిలోమీటర్లు పెరుగుతుందంటే, అంచు అనేది నిజంగా నేల మీద ఉన్నట్టా, మన పుస్తకాల్లో ఉన్నట్టా? ఇదే ప్రశ్న పొలం గట్టు దగ్గర, రాష్ట్ర సరిహద్దు దగ్గర, బీపీ రిపోర్టు దగ్గర, అంతరిక్షం ఎక్కడ మొదలవుతుందన్న చర్చ దగ్గర కూడా వస్తుంది. వీటన్నిటిలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. గీత ఎక్కడ ఉంది? అసలు అక్కడ తేడా అంటూ ఏదైనా ఉందా? ఆ గీతను ఏ పని కోసం గీశారు? మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. నేను చూసినంతలో తగువులు ఎక్కువగా మూడో ప్రశ్న దగ్గరే ఉంటాయి, దాన్నే తక్కువమంది అడుగుతారు.

కొలబద్ద చిన్నదైతే తీరం పొడవవుతుంది

పాత అంకె 1970ల నాటిది. అప్పుడు వాడిన పటం స్కేలు 45 లక్షలకు 1. అంటే పటం మీద ఒక మిల్లీమీటరు నేల మీద నాలుగున్నర కిలోమీటర్లు. అంతకంటే చిన్న మలుపు ఏదైనా ఆ పటంలో కనిపించదు. కొత్త లెక్కకు వాడిన స్కేలు రెండున్నర లక్షలకు 1. ఇందులో మిల్లీమీటరంటే 250 మీటర్లు.

దీన్ని ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. తీరంలో ఒకచోట కిలోమీటరు వెడల్పున్న పాయ పది కిలోమీటర్లు లోపలికి చొచ్చుకొచ్చింది. పాత పటంలో దాని మూతి మీదుగా గీత నేరుగా పోతుంది కాబట్టి తీరం పొడవు అక్కడ ఒక కిలోమీటరే. కొత్త పటంలో గీత పాయ ఒక ఒడ్డు వెంట లోపలికి పోయి రెండో ఒడ్డు వెంట బయటికి రావాలి. పొడవు ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. నేల అదే, నీళ్లు అవే.

అందుకే పాయలు, మడ అడవులు ఎక్కువున్న చోట అంకె బాగా ఎగిసింది. సుందరవనాలున్న పశ్చిమ బెంగాల్ తీరం సుమారు 157 కిలోమీటర్ల నుంచి 721కి చేరింది. గుజరాత్ 1,214 నుంచి 2,340కి పెరిగింది. మన ఆంధ్ర తీరంలో పొడవాటి ఇసుక ఒడ్డులే ఎక్కువ కాబట్టి ఎనిమిది శాతం పెరిగి ఆగింది.

ఈ చిక్కును మొదట గట్టిగా పట్టుకున్నది ఇంగ్లండ్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. దేశాల మధ్య ఉమ్మడి సరిహద్దు ఎంత పొడవుంటే యుద్ధాలు అంత ఎక్కువవుతాయా అని ఆయన పరిశోధిస్తున్నాడు. స్పెయిన్, పోర్చుగల్ సరిహద్దు పొడవు ఒక లెక్కలో 987 కిలోమీటర్లు, ఇంకో లెక్కలో 1,214 అని ఉండడం ఆయన కంటపడింది. కొలబద్దను తగ్గించుకుంటూ పోతే వంకరటింకర గీత పొడవు పెరుగుతూనే ఉంటుందని, ఒక అంకె దగ్గర నిలవదని తేల్చాడు. 1967లో గణితవేత్త బెన్వా మాండెల్‌బ్రాట్ దీన్ని ప్రపంచానికి తెలిసేలా చేశాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పొడవు నిలకడగా లేదు కాబట్టి తీరమే లేదని అనుకోకూడదు. అదే గీత లోపలున్న విస్తీర్ణాన్ని కొలిస్తే స్కేలు సన్నబడేకొద్దీ జవాబు ఒక అంకెకు దగ్గరవుతుంది. దేశ విస్తీర్ణం 47 శాతం పెరగలేదు కదా. హద్దు గురించి కొన్ని ప్రశ్నలకు స్థిరమైన జవాబు ఉంటుంది, కొన్నిటికి స్కేలు చెప్పకపోతే జవాబే ఉండదు.

ఒకే ఒడ్డు, ఒక్కో చట్టానికి ఒక్కో గీత

స్కేలు ఖాయం చేసుకున్నా ఇంకో చిక్కు మిగులుతుంది. సముద్రానికి పోటు, పాటు ఉన్నాయి. నీటి అంచు రోజంతా కదులుతూనే ఉంటుంది. మరి ఏ క్షణపు అంచును హద్దు అనాలి?

సముద్ర చట్టంపై 1982 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం ప్రకారం దేశ జలాల కొలత మామూలుగా పాటు సమయపు నీటి అంచు నుంచి మొదలవుతుంది. మన తీర నియంత్రణ నిబంధనలు, అంటే సీఆర్‌జెడ్, పోటు సమయపు గీత నుంచి భూమి వైపు 500 మీటర్లు కొలుస్తాయి. ఒకటి సముద్రం వైపు హక్కుల కోసం, ఇంకోటి ఒడ్డున కట్టడాలను అదుపు చేయడం కోసం. ఒకే బీచ్ మీద రెండు 'తీరరేఖలు' ఉన్నాయి, రెండూ చట్టప్రకారం సరైనవే.

ఒడ్డు దాటాక కూడా దేశం ఒక్కచోట తెగిపోదు. మెట్లు మెట్లుగా తగ్గుతుంది. 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్ల వరకు పూర్తి సార్వభౌమాధికారం. అయినా అక్కడ కూడా విదేశీ ఓడలు ఎవరికీ హాని చేయకుండా దాటిపోవచ్చు. 24 నాటికల్ మైళ్ల దాకా కస్టమ్స్, వలసల వంటి చట్టాలు అమలు చేయొచ్చు. 200 నాటికల్ మైళ్ల దాకా, అంటే 370 కిలోమీటర్లు, చేపలు, చమురు మన హక్కు. కానీ నీటి మీద ఓడ నడపడం అందరి హక్కు. కాబట్టి 'భారతదేశం సముద్రంలో ఎంతదూరం ఉంది' అని అడిగితే, ఏ పనికి అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే.

ప్రకృతి పెట్టినవి ఏవి, మనిషి పెట్టినవి ఏవి

తత్వవేత్తలు బ్యారీ స్మిత్, అకిల్లె వార్జీ హద్దులను రెండు రకాలుగా విడదీశారు. మనం ఉన్నా లేకున్నా ఉండేవి మొదటి రకం: గోళీ ఉపరితలం, కణం చుట్టూ పొర. మనుషుల నిర్ణయం వల్ల మాత్రమే ఉండేవి రెండో రకం: పటంలో నిటారుగా గీసిన రాష్ట్ర సరిహద్దు, రైల్వే జోన్, భూమధ్యరేఖ. మనుషులు లేకపోతే మొదటివి మిగులుతాయి, రెండోవి మాయమవుతాయి.

ఈ విభజన చాలా ఉపయోగపడుతుంది. కానీ అంచుల దగ్గర ఇది కూడా మసకబారుతుంది. జీవకణం పొర తీసుకోండి. దాని మందం సుమారు అయిదు నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో రెండు లక్షల వంతు. ఇంతకంటే సహజమైన హద్దు దొరకదు. కానీ అది గోడలా ఊరికే నిలబడి లేదు. సోడియంను బయటికి తోస్తూ, పొటాషియంను లోపలికి తెస్తూ, శక్తి ఖర్చు పెట్టి లోపలికి, బయటికి ఉన్న తేడాను నిలబెడుతోంది. శక్తి ఆగితే ఆ తేడా పోతుంది. సహజమైన హద్దు కూడా ఎవరో ఒకరు పనిచేస్తేనే నిలుస్తుందని జీవశాస్త్రం చెబుతోంది.

జాతుల మధ్య హద్దు ఇంకా చిక్కు. గ్రీనిష్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట హిమాలయాల నుంచి టిబెట్ పీఠభూమికి రెండు వైపులా చుట్టుకుంటూ సైబీరియా దాకా ఉంది. ఆ వలయంలో పక్కపక్క గుంపులు చాలావరకు కలుస్తాయి. సైబీరియాలో రెండు చివరలు ఎదురుపడ్డచోట మాత్రం పాట వేరు, జతకట్టడం దాదాపు లేదు. ఇవి ఒక జాతా, రెండా? ఈ వలయం మధ్యలో కొన్ని తెగింపులున్నాయని తర్వాతి జన్యు పరిశోధనలు చూపించాయి. అయినా ఎక్కడ కత్తిరించాలన్నది పూర్తిగా తేలలేదు.

నదులను సహజ సరిహద్దులంటాం. నది జరుగుతుందని గోదావరి లంకల్లో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒక ఒడ్డు కోసుకుపోతుంది, ఇంకో ఒడ్డున మట్టి పడి కొత్త నేల లేస్తుంది. అంతర్జాతీయ చట్టంలో దీనికి సాధారణంగా పాటించే ఒక సూత్రం ఉంది. నది మెల్లమెల్లగా జరిగితే సరిహద్దు దానితోపాటు జరుగుతుంది. వరదకు ఒక్కసారిగా దారి మార్చుకుంటే సరిహద్దు పాత దారిలోనే ఉండిపోతుంది. వినడానికి తేలికే. రియో గ్రాండే నది అమెరికా, మెక్సికోల మధ్య జరిగినప్పుడు అది మెల్లగా జరిగిందా, ఒక్కసారిగానా అన్న వాదన తేలడానికి 1963 ఒప్పందం దాకా, దాదాపు వందేళ్లు పట్టింది.

మనకు దగ్గరి ఉదాహరణ సర్ క్రీక్. గుజరాత్ కచ్‌కూ పాకిస్తాన్ సింధ్‌కూ మధ్య 96 కిలోమీటర్ల పాయ. పడవలు తిరిగే జలమార్గం కాబట్టి సరిహద్దు పాయ నడిమధ్య ఉండాలని భారత్ వాదన. ఇది నౌకాయానానికి పనికొచ్చే పాయ కాదని, 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానం ప్రకారం పాయ మొత్తం తమదేనని, గీత తూర్పు ఒడ్డున ఉండాలని పాకిస్తాన్ వాదన. పాయ దగ్గర తేడా కొద్ది కిలోమీటర్లే. కానీ సముద్రంలో రెండు దేశాల వాటా పాయ మూతి నుంచే కొలవాలి కాబట్టి, మూలలో చిన్న తేడా బయటికి పోయేకొద్దీ విప్పారుతుంది. అక్కడి సముద్ర సరిహద్దు ఇంకా ఖాయం కాలేదు.

ఈ గీత లేకపోవడం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుటుంబాలకు తెలుసు. ఈ జిల్లాల మత్స్యకారులు గుజరాత్ వెరావల్‌కు వలసపోయి బోట్లలో పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వేటకు వెళ్లినవాళ్లను పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా బయటికొచ్చారు. నీటి మీద కంటికి కనిపించే హద్దురాయి ఉండదు. పైగా అక్కడ రెండు దేశాలూ ఒప్పుకున్న గీతే లేదు. ఏడాదికి పైగా జైల్లో ఉన్నది మాత్రం కూలికి వల లాగిన మనుషులు.

తేడా మెల్లగా వచ్చేచోట అంకె ఎలా పెడతారు

కొన్నిచోట్ల ప్రకృతిలో అంచు అంటూ ఉండదు, మార్పు మెల్లగా జరుగుతుంది. అయినా గీత అవసరం. అప్పుడు ఒక అంకె ఎంచుకుంటారు.

భూమి వాతావరణం ఒక్కచోట ఆగిపోదు, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. అంతరిక్షం 100 కిలోమీటర్ల ఎత్తున మొదలవుతుందని అంతర్జాతీయ ఏరోనాటిక్స్ సమాఖ్య లెక్క. దీన్నే కార్మాన్ రేఖ అంటారు. దీని వెనక ఒక భౌతిక కారణం ఉంది. గాలి పలచబడేకొద్దీ రెక్కల ఆధారంతో తేలడానికి విమానం మరింత వేగంగా పోవాలి. ఒక ఎత్తు దాటాక ఆ వేగం భూమి చుట్టూ కక్ష్యలో తిరిగే వేగంతో సమానమైపోతుంది. అప్పుడు రెక్కలతో పనిలేదు. అమెరికా మాత్రం 50 మైళ్లను, అంటే దాదాపు 80 కిలోమీటర్లను హద్దుగా తీసుకుంటుంది. ఉపగ్రహాల కక్ష్యలను పరిశీలించి 80 కిలోమీటర్లే భౌతికంగా సబబని వాదించిన శాస్త్రవేత్తలూ ఉన్నారు.

2021 జులై 11న మన తెలుగమ్మాయి శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్ వ్యోమనౌకలో దాదాపు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. అమెరికా లెక్కలో అది అంతరిక్షం, 100 కిలోమీటర్ల లెక్కలో కాదు. ఆమె చేసిన ప్రయాణంలో, చూపిన ధైర్యంలో ఏ లెక్కలోనూ తేడా రాదు. కానీ ఒక దేశపు ఆకాశం ఎక్కడ ముగుస్తుంది, ఎవరికీ చెందని అంతరిక్షం ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్నకు ఈ గీత కావాలి. 1967 నాటి అంతరిక్ష ఒప్పందంలో ఆ ఎత్తు రాయలేదు.

ఇలాంటి అంకే మన ఇళ్లలోనూ ఉంది. బీపీ 140/90 దాటితే ఎక్కువ అని చాలాకాలంగా అనుకుంటున్నాం. 2017లో అమెరికా గుండె వైద్య సంఘాలు ఆ గీతను 130/80కి దించాయి. దాంతో అమెరికా పెద్దవాళ్లలో బీపీ ఉన్నవాళ్ల వాటా 32 శాతం నుంచి దాదాపు 46 శాతానికి ఎగబాకింది. ఎవరి రక్తనాళాల్లోనూ రాత్రికి రాత్రి ఏ మార్పూ రాలేదు.

ఒక మనిషికి 134/84 ఉందనుకుందాం. అమెరికా మార్గదర్శకాల్లో అతనికి మొదటి దశ బీపీ ఉంది. 2018 యూరప్ మార్గదర్శకాల్లో అది 'మామూలులోనే కాస్త ఎక్కువ'. మన దేశ కార్యక్రమాల్లో చికిత్సకు వాడుతున్న గీత 140/90 కాబట్టి ఇక్కడ అతను గీతకు ఇవతలే. గీత దించినవాళ్ల వాదన బలమైనదే. నలభై దాటినవాళ్లలో 115/75 నుంచే ప్రమాదం మెల్లగా పెరుగుతుందని, పై అంకె ఇరవై పెరిగితే గుండెజబ్బు, పక్షవాతాలతో మరణించే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని పెద్ద అధ్యయనాల్లో తేలింది. ముందే హెచ్చరిస్తే తిండి, నడక సరిచేసుకుంటారని వాళ్ల ఆశ. కొత్తగా చేరినవాళ్లలో ఎక్కువమందికి వాళ్లు మందులు రాయమని కూడా చెప్పలేదు. వద్దన్నవాళ్ల వాదన కూడా తీసేయలేం. జబ్బు అనే ముద్ర పడితే భయం, ఖర్చు, అక్కర్లేని మందులు వెంట వస్తాయి. ఆస్పత్రిలో హడావుడిగా ఒక్కసారి చూసిన బీపీ అయిదు పది పాయింట్లు అటూఇటూ ఉండడం మామూలే.

ఈ వాదనలో రెండు వైపులా ఒప్పుకునే విషయం, ప్రమాదం ఒక వాలులా పెరుగుతుందన్నది. వాలు మీద మెట్టు ఎక్కడ కట్టాలన్నది, మనం దేనికి ఎక్కువ భయపడతాం అన్నదాన్ని బట్టి ఉంటుంది: వైద్యం అందకపోవడానికా, అనవసరంగా అందడానికా?

మసక హద్దు మీద మూడు వాదనలు

క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త యూబ్యులిడిస్ వేసిన చిక్కు ఒకటి ఉంది. ధాన్యం కుప్పలోంచి ఒక గింజ తీస్తే కుప్ప కాకుండా పోదు. ఇంకోటి తీసినా అంతే. అలా తీస్తూపోతే చివరికి ఒక్క గింజే మిగులుతుంది, అది కుప్ప కాదు. ఎన్నో గింజ దగ్గర హద్దు దాటాం?

ఒక వర్గం అంటుంది: హద్దు ఖచ్చితంగా ఉంది, అది ఎక్కడో మనకు తెలుసుకునే దారి లేదు. బ్రిటన్ తత్వవేత్త టిమతీ విలియమ్సన్ ఈ వాదానికి ప్రసిద్ధుడు. రెండో వర్గం: సత్యానికే మోతాదులుంటాయి, 'ఇది కుప్ప' అన్న మాట కొంతవరకు నిజం కావచ్చు. 1965లో లోత్ఫీ జాదే ప్రతిపాదించిన మసక సమితుల (ఫజీ సెట్స్) గణితం ఇలాంటి ఆలోచనకే రూపం. వాషింగ్ మెషీన్లు, రైళ్ల బ్రేకుల నియంత్రణలో కూడా దాన్ని వాడారు. మూడో వర్గం: లోపం ప్రపంచంలో లేదు, మన మాటలో ఉంది. ఆ మాటకు అర్థం అంత సన్నగా మనం ఎప్పుడూ ఖాయం చేయలేదు.

నాకు మూడోది చాలా సందర్భాలకు సరిపోతుందనిపిస్తుంది. అయితే ఓటు హక్కు, లైసెన్సు, పట్టా లాంటివాటి దగ్గర 'కొంతవరకు నిజం' అనేది పనికిరాదు. పద్దెనిమిదేళ్లు నిండడానికి ముందురోజు మనిషికి, నిండిన రోజు మనిషికి బుద్ధిలో తేడా ఉండదని చట్టం రాసినవాళ్లకూ తెలుసు. ఒక్కొక్కరి పరిణతినీ అధికారి అంచనా వేయడం కంటే అందరికీ ఒకే తేదీ ఉండడం తక్కువ అన్యాయమని వాళ్ల లెక్క.

పొలం గట్టు: రోవర్ చెప్పేది ఎంత, చెప్పలేనిది ఎంత

పటంలో గీతకు మందం ఉండదు. గట్టుకు ఉంటుంది. ఈ ఒక్క తేడా దగ్గరే ఎన్నో కేసులు పుట్టాయి.

చదరంగా ఉన్న ఎకరం పొలానికి ఒక్కో వైపు దాదాపు 208.7 అడుగులు. పక్కవాళ్లు దున్నుతూ దున్నుతూ గట్టును ఒక వైపు ఒక్క అడుగు జరిపితే పోయేది 208 చదరపు అడుగులు, అంటే సుమారు 23 గజాలు. సెంటు 48.4 గజాలు కాబట్టి దాదాపు అర సెంటు. పల్లెలో ఇది చిన్నదే అనిపించొచ్చు. ఆ పొలం పక్కన రోడ్డు పడి, గజం లెక్కన అమ్మే రోజు వస్తే చిన్నది కాదు.

పాత సర్వే గొలుసులతో జరిగింది. గొలుసు 66 అడుగులు, అందులో వంద లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఆంధ్ర ప్రాంతంలో ఎఫ్ఎంబీ, తెలంగాణలో టిప్పన్ ఆ కొలతల చిత్రాలే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలు అందుకునే రోవర్లు వాడారు. వీటి కొలత సెంటీమీటర్ల స్థాయిలో ఉంటుంది.

అయినా రైతులు అడిగిన ప్రశ్న ఒకటే: 'మా రికార్డులో ఎకరం పది సెంట్లు ఉంటే కొత్త కొలతలో ఎకరం అయిదు ఎందుకొచ్చింది?' రోవర్ ఇప్పుడున్న గట్టు ఎక్కడుందో సెంటీమీటర్ల తేడాతో చెబుతుంది. ఆ గట్టు ఉండాల్సిన చోటే ఉందా అన్నది చెప్పలేదు. పాత గొలుసు సాగి మొదటే తప్పు పడి ఉండొచ్చు. ఎఫ్ఎంబీ సరిగ్గా ఉండి గట్టు జరిగి ఉండొచ్చు. తాతల కాలంలో అన్నదమ్ములు నోటిమాటగా మార్చుకుని ఉండొచ్చు. ఈ మూడింటికీ న్యాయం వేరువేరు.

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. ఇంగ్లండ్‌లో భూమి రిజిస్టరు పటం మామూలుగా హద్దును ఉజ్జాయింపుగానే చూపిస్తుంది. కంచె ఈ వైపా, ఆ వైపా అన్న సన్నని ప్రశ్నను వదిలేస్తుంది, కావాలనుకున్నవాళ్లు ప్రత్యేకంగా ఖాయం చేయించుకోవచ్చు. ఇంకో పద్ధతిలో ప్రతి మూలకూ కొలత, అంకె ఉంటాయి, అవే హద్దు. మొదటిది చవక. ఇరుగుపొరుగు సర్దుకుపోయే చోట తగువు తక్కువ. రెండోది మోసానికి చోటు తగ్గిస్తుంది, బ్యాంకుకు నమ్మకమిస్తుంది. కానీ ఖాయం చేసే క్షణంలో, ఇన్నేళ్లూ నిద్రపోయిన తగువులన్నీ ఒకేసారి లేస్తాయి. రీసర్వేలో అర్జీలు రావడానికి సాంకేతిక లోపం ఒక కారణం కావచ్చు. గట్టు వెనక ఉన్న చరిత్ర అంతకంటే పెద్ద కారణం.

భాషల హద్దు: లెక్క తేల్చింది యూనిట్

భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు నేలను మాండలికాల పరంగా నాలుగు ప్రాంతాలుగా గుర్తించారు. అయితే ఆ ప్రాంతాల మధ్య కంచె లేదు. ఒక మాట ఒక వాగు దాకా వినిపిస్తే, ఇంకో మాట మరో రెండు మండలాలు దాటి పోతుంది. గీతలన్నీ ఒకచోట పడవు. భాషకూ భాషకూ మధ్య కూడా రెండూ మాట్లాడే మనుషుల వెడల్పాటి పట్టీ ఉంటుంది.

ఆ పట్టీ మీద రాష్ట్రాల గీత పడాల్సి వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్లారి తాలూకాలో కన్నడం, తెలుగు, ఉర్దూ కలగలిసి ఉండడంతో ప్రత్యేక విచారణ జరిపి మైసూరుకు ఇచ్చారు. తర్వాత మద్రాసుతో సరిహద్దు తగువును మధ్యవర్తిగా వచ్చిన హెచ్.వి. పటాస్కర్ పరిష్కరించినప్పుడు తాలూకాను పక్కనబెట్టి గ్రామాన్ని యూనిట్‌గా తీసుకున్నారు. గ్రామంలో సగానికి మించి మాట్లాడే భాష, పక్క గ్రామాలతో ఆనుకుని ఉండడం ప్రధాన సూత్రాలు. దాని ప్రకారమే 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది.

యూనిట్ మారితే ఏమవుతుందో ఊహాలెక్కలో చూద్దాం. ఒక తాలూకాలో లక్షమంది. 55 వేలు తమిళులు, 45 వేలు తెలుగువారు. తాలూకా యూనిట్ అయితే మొత్తం అటే పోతుంది. గ్రామం యూనిట్ అయితే, ఉత్తరాన ఆనుకుని ఉన్న ముప్పై తెలుగు గ్రామాలు ఇటు వస్తాయి, దక్షిణాన తమిళ గ్రామాల మధ్య చిక్కుకున్న అయిదు తెలుగు గ్రామాలు మాత్రం రావు. అవే జనాభా లెక్కలు, అదే జనం. యూనిట్ మార్చగానే కొందరి రాష్ట్రం మారింది. పైగా జనాభా లెక్కల్లో మాతృభాష గడిలో ఒక్క భాషే రాస్తారు. ఇంట్లో ఒకటి, సంతలో ఒకటి మాట్లాడే మనిషి కాగితం మీద సగమే కనిపిస్తాడు.

భద్రాచలం: ముంపు కోసం గీసిన గీత

2014లో పోలవరం ముంపు ప్రాంతాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ప్రాజెక్టు కడుతున్న రాష్ట్రంలోనే నిర్వాసితులుంటే పరిహారం, పునరావాసం ఒకే ప్రభుత్వం చేతిలో ఉంటాయన్నది దాని వెనక తర్కం. ఆ పనికి అది అర్థవంతమైన గీతే.

కానీ భద్రాచలం రెవెన్యూ గ్రామం తెలంగాణలో ఉండిపోయి, ఆ మండలంలో మిగిలిన భాగం ఆంధ్రలోకి వెళ్లింది. రాములవారి గుడి ఒక రాష్ట్రంలో, ఆ దేవుడి మాన్యం ఉన్న పురుషోత్తపట్నం ఇంకో రాష్ట్రంలో. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు వెళ్లాలంటే మధ్యలో ఆంధ్ర నేల దాటాలి. పట్టణం పెరగడానికి చోటు చాలక ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడులను తిరిగి కలపాలని తెలంగాణ వైపు డిమాండ్ ఉంది. ముంపు, పునరావాసం పూర్తిగా తేలకుండా గీత జరిపితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మళ్లీ మొదలవుతుందన్న వాదన ఉంది. నీటిమట్టం కోసం గీసిన గీత గుడి ఆస్తికి, బస్సు రూటుకి, చెత్త వేసే చోటుకి కూడా హద్దయిపోయింది. కొలతలో ఇక్కడ ఏ తప్పూ లేదు. ఒక పనికి గీసినదాన్ని అన్ని పనులకూ వాడాల్సి రావడమే ఇబ్బంది.

కొటియా: రెండు రాష్ట్రాల్లో ఉన్న ఊళ్లు

పార్వతీపురం మన్యం జిల్లా సాలూరుకూ ఒడిశా కోరాపుట్ జిల్లాకూ మధ్య కొండల్లో కొటియా గ్రామాలున్నాయి. మొత్తం 21. గిరిజనుల ఊళ్లు. 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుంచి ఇక్కడి గీత తేలలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత, 2006లో ఆ దావా తీర్పుతో గీత పడకుండానే ముగిసింది. యథాతథ స్థితి కొనసాగుతోంది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ మూడు పంచాయతీలకు ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టు ధిక్కారం కింద మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, ఓటరు కార్డులు ఉన్నాయి. దీన్ని మోసంగా చూసేవాళ్లున్నారు. నేను అలా చూడలేను. దశాబ్దాలపాటు ఏ రాష్ట్రానిదో తేలని చోట, ఎవరు బియ్యం ఇస్తే వాళ్ల కార్డు తీసుకోవడం బతకడానికి అవసరం. తగువు వల్ల రెండు ప్రభుత్వాలూ పోటీపడి రోడ్లు, బడులు కట్టాయన్నదీ నిజమే. అదే తగువు వల్ల ఒకరు మొదలుపెట్టిన పనిని ఇంకొకరు అడ్డుకున్నదీ నిజమే.

ఇక్కడ ఇంతవరకూ చెప్పుకున్న చిక్కులన్నీ ఒకేచోట కలుస్తాయి. పాత రికార్డు ఏం చెబుతోంది అన్నది ఒక సాక్ష్యం. ఎవరు పాలిస్తున్నారు అన్నది ఇంకో సాక్ష్యం. ఏ భాష మాట్లాడతారు అన్నది మూడోది. గిరిజనుల ఇళ్లలో మాట్లాడే భాషలు తెలుగు, ఒడియాలు రెండూ కాకపోవచ్చు కాబట్టి అది ఎవరి పక్షానా తేలికగా నిలవదు. ఊళ్లవాళ్లు ఏ వైపు ఉండాలనుకుంటున్నారు అన్నది నాలుగోది, దాన్ని అందరికంటే తక్కువగా అడిగారు. సర్వేయర్లు రోవర్లు పట్టుకుని కొండెక్కితే ప్రతి రాయి స్థానం సెంటీమీటర్లలో తేలుతుంది. ఈ నాలుగు సాక్ష్యాల్లో దేనికి ఎంత బరువివ్వాలో మాత్రం వాళ్లు చెప్పలేరు. రాష్ట్రాల సరిహద్దు మార్చే అధికారం రాజ్యాంగం మూడో అధికరణ కింద పార్లమెంటుది. రెండు రాష్ట్రాలూ ముందు మాట్లాడుకుని ఒక ఒప్పందంతో వెళితే ఆ దారి తేలికవుతుంది. 2021 నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కలిసి, సమస్యల మీద ప్రధాన కార్యదర్శుల స్థాయిలో కమిటీ వేయాలని నిర్ణయించారు. గీత ఇంకా పడలేదు.